గోదావరి ఒడ్డు బతుకు పాత బొమ్మల్లో ఎక్కడ దొరుకుతుంది? మంచిర్యాల టీచరు గారికి నా సమాధానం

మంచిర్యాల నుంచి ఒక టీచరు గారు అడిగారు. 2027 పుష్కరాలలోపు బడి పిల్లలతో కలిసి గోదావరి ఒడ్డు జీవితం మీద పాత చిత్రాలు, ఫోటోలతో ఒక ప్రదర్శన పెట్టాలని ఆమె ఆలోచన. నెట్‌లో వెతికితే కాశీ ఘాట్లు వందలకొద్దీ వస్తున్నాయట, గోదావరి అని కొడితే రాజమండ్రి వంతెన వస్తోందట. ధర్మపురి, మంథని, కాళేశ్వరం, భద్రాచలం దగ్గరి మనుషులు, పడవలు, రేవులు పాత బొమ్మల్లో అసలు ఉన్నాయా? ఉంటే ఎక్కడున్నాయి? దొరికినవాటి కాలం, ఊరు నిజమేనని ఎట్లా తేల్చుకోవాలి?

ఉన్నాయండీ. అయితే గోదావరి అనే పేరు కింద లేవు, అందుకే మీకు కనిపించడం లేదు. హన్మకొండలో ఉండి చాలా ఏళ్లు పాత ఫోటోలకు నకళ్లు తీసి, వివరాలు రాసి, జాబితాలు కట్టే పని చేశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను. మన వైపు నదిని చూడటానికని కెమెరా మోసుకొచ్చినవాళ్లు దాదాపు లేరు. గుడి కోసం వచ్చారు, ఆనకట్ట కోసం వచ్చారు, గిరిజనుల మీద అధ్యయనం కోసం వచ్చారు, సర్కారు కొలతల కోసం వచ్చారు. రేవు, ఉతికే బండ, వల ఆరేసిన కర్రలు, ఇసుకలో తవ్విన చెలిమె, ఇవన్నీ ఆ బొమ్మల అంచుల్లో పడ్డాయి. కాబట్టి వెతకడం వేరే పేర్లతో వెతకాలి, దొరికాక అంచులు చూడాలి. మిగతాదంతా ఈ రెండు మాటల వివరణే.

ముందు కాశీ సంగతి. గంగ మీద అన్ని బొమ్మలెందుకు ఉన్నాయంటే, ఆ రోజుల్లో కలకత్తాలో దిగిన ఇంగ్లీషు చిత్రకారుడికి గంగే రోడ్డు. థామస్ డేనియల్, అతని అన్న కొడుకు విలియం 1786 నుంచి 1793 దాకా మన దేశంలో ఉన్నారు. పడవలో గంగ మీద పైకి ప్రయాణిస్తూ దారి పొడుగునా గీశారు. జేమ్స్ ప్రిన్సెప్ టంకశాల అధికారిగా కాశీలోనే ఉండి ఘాట్లను గీసి 1830ల మొదట్లో అచ్చు వేయించాడు. 1860లలో శామ్యూల్ బోర్న్ కెమెరాతో అదే కాశీకి వెళ్లాడు. ఒకరు గీసింది చూసి ఇంకొకరు వెళ్లడం, కొనేవాళ్లు ఉండటం, ఒకదాన్నుంచి ఒకటి పెరిగింది.

మన గోదావరికి ఆ వసతి లేదు. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852కల్లా అయిపోయింది. కింద డెల్టాలో కాలువలు, పడవలు, ఊళ్లు, బొమ్మలు అన్నీ పెరిగాయి. పైకి వస్తే పాపికొండల ఇరుకు, దాన్ని దాటితే నది మధ్యలో బండరాళ్ల అడ్డంకులు. మొదటి అడ్డంకి దుమ్ముగూడెం దగ్గర, రెండోది ప్రాణహిత కలిసిన తర్వాత ఇచ్చంపల్లి దగ్గర, మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర. వానాకాలం నీళ్లు నిండితే తప్ప పెద్ద పడవ నడవదు. నిండినప్పుడేమో ప్రవాహం, జ్వరాలు. బొమ్మలు గీసుకుంటూ తీరిగ్గా పోయే దారి కాదది. పైగా పై గోదావరి చాలా మేరకు నిజాం రాజ్యం. ఇంగ్లీషు చిత్రకారులను పిలిపించి ఊళ్లు చూపించే కలెక్టర్లు ఇక్కడ లేరు.

ఇప్పుడు అసలు కిటుకు చెప్తాను. కాళేశ్వరం నుంచి కిందికి నది ఒకటే గానీ ఒడ్డు ఒక్కొక్కటి ఒక్కో ప్రభుత్వానిది. 1860లో జరిగిన ఒప్పందంలో నిజాం ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషు వాళ్లకు ఇచ్చేశాడు. సిరొంచ, భద్రాచలం, రేకపల్లి అన్నీ అట్లా పోయినవే. వాటిని మధ్య పరగణాల్లో (సెంట్రల్ ప్రావిన్సెస్) చేర్చి ‘ఎగువ గోదావరి జిల్లా’ అని పేరు పెట్టారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను విడదీసి మద్రాసు ప్రెసిడెన్సీలో, గోదావరి జిల్లాలో కలిపారు. భద్రాచలం ఖమ్మం జిల్లాలోకి వచ్చింది 1959లోనే. కుడి ఒడ్డు మాత్రం ముందు నుంచీ నిజాందే. బూర్గంపహాడు, పాల్వంచ, ఏటూరునాగారం, ఇవన్నీ పాత వరంగల్ జిల్లా. ఖమ్మం జిల్లా వేరుపడిందే 1953లో.

దీనివల్ల మీ వెతుకులాట ఎట్లా మారుతుందో చూడండి. రాములవారి గుడి ఉన్న ఒడ్డు మద్రాసు కాగితాల్లో దొరుకుతుంది. దానికి ఎదురుగా, పడవ బయల్దేరే ఒడ్డు హైదరాబాదు కాగితాల్లో ‘వరంగల్’ పేరు కింద దొరుకుతుంది. కాళేశ్వరం గుడి హైదరాబాదులో, అవతలి సిరొంచ రేవు నాగపూరు వైపు. ఒకే రేవుకు ఇవతలి సగం ఒక దేశంలా, అవతలి సగం ఇంకో దేశంలా దఫ్తరాల్లో పడి ఉంది. మీ మంచిర్యాల దగ్గర ఈ చిక్కు లేదు, అక్కడ రెండు ఒడ్లూ నిజాంవే. కానీ అక్కడ జిల్లాల పేర్లు మారాయి. కరీంనగర్ జిల్లాకు 1905 వరకు ఎలగందల్ అని పేరు, ఆదిలాబాదు వైపు ‘సిర్పూర్ తాండూర్’ అని రాసేవారు. ధర్మపురి ఫోటో కావాలంటే ఎలగందల్ అని కూడా వెతకండి. ఊరి పేరును ఇంగ్లీషులో రెండు మూడు రకాల స్పెల్లింగులతో కొట్టి చూడండి, పాత గుమాస్తాలు విన్నట్టు రాశారు.

ఎగువ గోదావరి అనే మాట మీద ఇంకొంచెం ఆగుతాను. బీరారు, నాగపూరు పత్తిని నది మీదుగా సముద్రానికి దింపాలని కాటన్ కల. దానికోసం ఆ మూడు అడ్డంకుల దగ్గర ఆనకట్టలు, పక్కనుంచి పడవల కాలువలు, లాకులు కట్టాలని పని మొదలుపెట్టారు. దుమ్ముగూడెం దగ్గర హేగ్ అనే ఇంజనీరు చాలా ఏళ్లు పని నడిపించాడు. డబ్బు పోతూ ఉంది, కూలీలు జ్వరాలతో పోతూ ఉన్నారు, ఇంతలో రైలు నాగపూరు చేరింది. 1871లో మొత్తం పని ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం ఇప్పటికీ నిలిచి ఉంది, నేటి సీతారామ ఎత్తిపోతలకు నీళ్లు తీసుకునేది దాని ఎగువ నుంచే. ఈ పనుల కోసం వేసిన పటాలను, నక్షాలను చాలామంది చిత్రాలుగా లెక్కపెట్టరు. నేను లెక్కపెడతాను. రాయి ఎక్కడుంది, ఎండాకాలం పాయ ఎటు పోతుంది, పడవ లాగేవాళ్లు నడిచే దారి ఏది, ఒడ్డున పల్లె ఎంత దూరంలో ఉంది, ఇవన్నీ ఓపికగా చేత్తో గీసిన పనులవి. ప్రదర్శనలో పిల్లలు ఇట్లాంటి ఒక నక్షాను నేటి ఉపగ్రహ చిత్రం పక్కన పెడితే, నది ఎంత జరిగిందో వాళ్లే కనిపెడతారు.

ఫోటోల్లోకి వస్తే మొదటి పేరు రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు, రూర్కీలో ఇంజనీరింగు చదివాడు, ఇందూరులో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ ఫోటోగ్రఫీలో దిగాడు. 1880లలో హైదరాబాదు వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. 1905లో చనిపోయాక కొడుకుల పేరుతో కూడా సంస్థ నడిచింది. ఆయన గాజు పలకల నెగిటివ్‌లు 2,857 దాకా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో తీసుకుంది. నిజాం రాజ్యపు దృశ్యాలతో 1892 నాటి ఆల్బం ఒకటి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, వైస్రాయ్ కర్జన్ సేకరణలో ఉంది. మన హన్మకొండ వేయిస్తంభాల గుడి అందులో ఉంది.

ఆయన బొమ్మల్లో నది తక్కువ. దర్బారు, వేట, భవనం, దండు ఎక్కువ. అయినా చూడమంటాను, ఎందుకంటే ఆ కాలం ఫోటోగ్రాఫర్లు గుడికో కోటకో ఎత్తు తెలియాలని ఒక మనిషిని పక్కన నిలబెట్టేవారు. చాలాసార్లు అతను ఆ ఊరివాడే. అతని తలపాగా, భుజం మీద గొంగడి, చేతిలో కర్ర, పక్కన నీళ్ల కుండ, ఇవి ఆ ఫోటో తీసినవాడు పట్టించుకోని సమాచారం. దీన్ దయాళ్ స్టూడియో ఔరంగాబాదు వైపు 1899-1900 కరువు పనులను కూడా తీసింది. అది కూడా గోదావరి పరీవాహకమే. గంపలు మోస్తున్న ఆడవాళ్లు వరసగా కనిపిస్తారు. దర్బారు ఫోటోల పక్కన వాటిని పెట్టి చూస్తేనే ఆ కాలం అర్థమవుతుంది.

నిజాం పురావస్తు శాఖ 1914లో ఏర్పడింది. గులాం యజ్దానీ దాని అధిపతి. పాలంపేట (రామప్ప) గుళ్ల మీద ఆయన రాసిన పుస్తకం 1922లో వచ్చింది. శాఖ ఏటేటా అచ్చు వేసిన నివేదికల్లో ఫోటో పలకలుంటాయి. గుడి ముందు చెరువు, కట్ట మీద బండ్లు, మత్తడి దగ్గర పశువులు వెనకాల పడతాయి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలోనూ, పెద్ద గ్రంథాలయాల్లోనూ ఈ నివేదికలు అడగండి. ఒక మాట. వరంగల్‌కు పక్కన నది లేదు. ఇక్కడి జనానికి పాకాల, రామప్ప, లక్నవరం చెరువులే గంగ. బట్టలుతికేది, చేపలు పట్టేది, బతుకమ్మను సాగనంపేది అక్కడే. నది ప్రదర్శన అని చెరువులను వదిలేయకండి, ఆ నీళ్లు చివరికి గోదావరివో కృష్ణవో అవుతాయి.

నా దృష్టిలో మన నది ఒడ్డు మనుషుల బొమ్మలు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ సేకరణలో. వియన్నాలో 1909లో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939లో యుద్ధం మొదలైనప్పుడు ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు, కాబట్టి శత్రుదేశస్థుడి కింద లెక్క. హైదరాబాదు రాజ్యంలో ఉండి పని చేసుకోవడానికి అనుమతి దొరికింది. అట్లా చెంచుల మీద, గోదావరి కొండల్లోని కొండరెడ్ల మీద, ఆదిలాబాదు రాజగోండుల మీద మూడు సంపుటాలు 1943, 1945, 1948లో అచ్చయ్యాయి. తర్వాత నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేశాడు. భార్య బెట్టీ ఆయనతో పాటే అడవుల్లో ఉంది. ఆమె 1987లో చనిపోయింది. ఆదిలాబాదు వైపు గోండుల ఊరు మార్లవాయిలో ఇద్దరినీ ఇప్పటికీ ఏటా తలుచుకుంటారు. ఫోటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ భాండాగారంలో ఉన్నాయి, చాలావరకు నెట్‌లో చూడవచ్చు.

కొండరెడ్ల పుస్తకం మీకు ముఖ్యం. ఆ కొండల్లో కుడి ఒడ్డు ఊళ్లు అప్పటి వరంగల్ జిల్లాలోవి. ఒకే మాను తొలిచి చేసిన దోనెలు, పోడు చేలు, వెదురు ఇళ్లు, వెదురు నరికి తెప్పలు కట్టి కిందికి పంపే పని, ఆ పని చేయించుకునే కాంట్రాక్టర్ల దోపిడీ, అన్నిటి గురించీ ఆయన రాశాడు. ఇక్కడ నది అందమైన దృశ్యం కాదు. కూలి డబ్బు, అప్పు, ఉప్పు, బట్ట, అన్నీ దాని మీద నడిచాయి. ఫోటోను పుస్తకంలోని ఆ పేజీతో కలిపి చదివితేనే దోనెలో కూర్చున్న మనిషి ఎవరి పని మీద వెళ్తున్నాడో తెలుస్తుంది. విడిగా గోడకు తగిలిస్తే ‘అడవి మనిషి’ అని చూసి వెళ్లిపోతారు. అట్లా కానివ్వకండి. 2014లో పోలవరం కోసం ఆ ప్రాంతపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, ఆ ఒడ్లలో ఎన్నో ఊళ్లు ముంపు కిందికి వస్తున్నాయి. ఈ ఫోటోలు ఆ కుటుంబాల మనవలకు ముందు చూపించాల్సినవి, మనకు తర్వాత.

ఫోటోలకన్నా ముందు కాలానికి పోవాలంటే చేర్యాల పటాలు. చేర్యాల అప్పటి వరంగల్ జిల్లాలోదే, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. అక్కడి నకాషీ చిత్రకారులు వేసే పటం గది అలంకారానికి పుట్టింది కాదు. ఒక కులం తన పుట్టుక కథ వినడానికి, ఆ కథ చెప్పేవాళ్ల చేతిలో పెట్టడానికి వేయించుకున్న బొమ్మ అది. పద్మశాలీలకు కూనపులి వాళ్లు మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్తారు. ముదిరాజులకు కాకిపడగల వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు జాంబపురాణం, చాకలి వాళ్లకు మడేలు పురాణం. ఖాదీ గుడ్డ మీద గంజి, సుద్ద, జిగురు, చింతగింజల అంబలి కలిపి పూతలు పూసి, ఆరాక గీత గీసి, బొమ్మల వెనక నేపథ్యంగా నిండుగా ఎర్రరంగు వేస్తారు. పటం గజాల పొడుగుంటుంది. కర్రకు చుట్టి, కథ నడిచే కొద్దీ ఒక్కో వరస విప్పుతూ రాత్రుళ్లు పాడతారు. హైదరాబాదులో జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియంలో 1625 నాటిదని చెప్పే భావనారుషి పటం ఉంది. నేటి తెలంగాణలో పనిపాట్ల బొమ్మలకు అంత పాత ఆధారం ఇంకొకటి నేను చూడలేదు.

వీటిలో నది ఏముంది అంటారా? దేవతల కథ అయినా గీసినవాడికి తెలిసిన రేవే అందులో పడుతుంది. మడేలు పురాణం అంటేనే ఉతుకుడు పని పుట్టుక, రేవు లేకుండా ఆ కథ నడవదు. నీళ్లను వంకర గీతల పట్టీలా వేసి అందులో చేప, తాబేలు పెడతారు. ఆ పట్టీ పక్కన మనుషులు ఏం చేస్తున్నారో, ఏ పనిముట్టు పట్టుకున్నారో చూడండి. మగ్గం, ఆసు, కుండ, కావడి, వల, గొంగడి, గాజులు, కుర్చీలకు బదులు నులక మంచం, అన్నీ ఈ నేల మీదివే. కథ పురాణం, సామాను మాత్రం ఊరిది. పిల్లలకు ఒక పటం నకలు ఇచ్చి, కథ సంగతి పక్కన పెట్టి సామాన్ల జాబితా రాయమనండి. వాళ్ల అమ్మమ్మలతో కూర్చుంటే తప్ప సగం పేర్లు దొరకవు, అదే కావాల్సింది.

పాత పటాలు అంత తక్కువ ఎందుకు మిగిలాయో కూడా రాయండి. పటం చిరిగి పాతబడితే దాన్ని అటక మీద పడేయరు. కథ చెప్పేవాళ్లకు అది దేవుడితో సమానం. కొత్త పటం వేయించుకుని, పాతదానికి పూజ చేసి గంగలో కలిపేస్తారు. మన చిత్రకళ చరిత్రలో పెద్ద భాగం అట్లా నదిలోనే ఉంది. ఇందులో ఎవరి తప్పూ లేదు.

నిర్మల్ బొమ్మల గురించి ఎక్కువ చెప్పను. నల్లటి నేపథ్యం మీద బంగారు రంగు పని చాలా అందంగా ఉంటుంది, కానీ ఇప్పుడు దొరికేవి ఎక్కువగా అలంకారం కోసం వేసినవి, ఒడ్డు బతుకుకు సాక్ష్యంగా పనికిరావు. ఈ కాలం వాళ్లలో సిద్దిపేట కాపు రాజయ్య, మన వరంగల్ జిల్లా పెనుగొండలో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు చిత్రాలు తప్పకుండా చూపించండి. ఊరి ఆడవాళ్ల నడక, బతుకమ్మ, బోనం ఎట్లుంటాయో తెలిసిన చేతులవి. ఫోటోల్లో వరంగల్ భరత్ భూషణ్ తీసినవి. 2022లో ఆయన పోయారు. తెలంగాణ పల్లెను ఆయన అంత దగ్గరగా, అంత కాలం చూసినవాళ్లు తక్కువ.

ఇక కాలం, ఊరు తేల్చడం. నెట్‌లో తిరిగే బొమ్మల్లో పెద్ద పొరపాట్లు రెండు. ఒకటి, పొడుగాటి రైలు వంతెన ఉంటే అది రాజమండ్రి హేవ్‌లాక్ వంతెన అయ్యే అవకాశమే ఎక్కువ, 1900లో తెరిచారు. రెండు, ఇళ్లు కూలి బురద మేట వేసిన ‘గోదావరి వరద’ ఫోటో చాలాసార్లు 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. మన వైపు వంతెనలు గుర్తుపెట్టుకోండి. బాసర దగ్గర రైలు 1901కల్లా వచ్చింది. కాజీపేట-బల్లార్షా లైను 1929కల్లా పూర్తయింది, మీ మంచిర్యాల దగ్గర నది మీద రైలు వంతెన కనిపిస్తే ఫోటో 1920లకు ముందుది కాదు. భద్రాచలం రోడ్డు వంతెన 1965లో తెరిచారు. అంతకు ముందు భక్తులు కుడి ఒడ్డున దిగి పడవ ఎక్కాల్సిందే, కాబట్టి పడవల రద్దీ ఉన్న భద్రాచలం ఫోటోకు ఆ సంవత్సరం ఒక హద్దు. పోచంపాడు ప్రాజెక్టుకు 1963 జులైలో నెహ్రూ శంకుస్థాపన చేశారు, దాని కింద మునిగిన ఊళ్ల ఫోటో మీ చేతికొస్తే అది చాలా విలువైనది.

రంగుల గురించి ఒక హెచ్చరిక. 1880ల దాకా వాడిన తడి గాజు పలకకు నీలం వెలుగు మాత్రమే బాగా అందుతుంది. ఆ తర్వాత చాలాకాలం వాడిన పలకలకు కూడా ఎరుపు కనిపించదు. అందుకే ఆకాశం తెల్లగా పాలిపోతుంది, ఎర్రచీర నల్లగా పడుతుంది, కుంకుమ మచ్చలా కనిపిస్తుంది, వానాకాలపు ఎర్రనీళ్లు నల్లగా వస్తాయి, మనుషుల ఒంటి రంగు కూడా ఉన్నదానికన్నా నల్లగా వస్తుంది. ‘ఆ రోజుల్లో నల్లచీరలు కట్టేవారు’ అని పిల్లలు రాస్తే దిద్దండి. నీళ్లు మంచులా నున్నగా ఉంటే నది నిశ్చలంగా ఉందని కాదు, పలక చాలా క్షణాలు తెరిచి ఉంచారని అర్థం. కదిలిన పడవ మసక, కదలని దొర స్పష్టం. ఈ మధ్య నెట్‌లో రంగులద్దిన పాత ఫోటోలు, యంత్రం పుట్టించిన ‘పాత ఫోటోలు’ కూడా తిరుగుతున్నాయి. ఏ భాండాగారంలో ఉందో, ఏ నంబరుదో తెలియని బొమ్మను ప్రదర్శనలో పెట్టకండి, ఎంత బాగున్నా సరే.

నెగిటివ్‌ను తిరగేసి అచ్చు వేయడం కూడా మామూలే. కుడి ఎడమ తారుమారవుతుంది, ఒడ్డు మారిపోతుంది. రేవులో జందెం ఉన్నవాళ్లుంటే సాధారణంగా ఎడమ భుజం మీద ఉండాలి, దాన్నిబట్టి పట్టుకోవచ్చు. కానీ పుష్కర రేవులో జాగ్రత్త. పితృతర్పణం చేసేటప్పుడు జందెం కుడి భుజం మీదికి మారుస్తారు. దోసిలి, దర్భలు, పిండం కనిపిస్తున్నాయా చూసి ఆ తర్వాత నిర్ణయించండి. ఇట్లాంటిది లండన్‌లో జాబితా రాసిన మనిషికి తెలిసే అవకాశం తక్కువ, మీ ధర్మపురి అయ్యగారికి ఒక్క చూపులో తెలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద లోటు ఇంకొకటి ఉంది. అధికారులు, ఫోటోగ్రాఫర్లు పర్యటించింది చలికాలంలో. అందుకే పాత బొమ్మల్లో మన గోదావరి ఎప్పుడూ ఇసుక మేటలు, మధ్యలో సన్న పాయ. కొత్తనీరు వచ్చిన రోజు రేవు ఎట్లుంటుందో, వాన నెలల్లో వల ఎక్కడ వేస్తారో, అవతలి ఊరికి రాకపోకలు ఆగిపోతే ఇల్లు ఎట్లా గడుస్తుందో ఆ బొమ్మల్లో దొరకదు. అది మీ ఊళ్ల ఇళ్లలో దొరకాలి. భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు ఎక్కిన 1986 ఆగస్టు వరదను చాలామంది చిన్న కెమెరాలతో తీసుకున్నారు. 1979, 1991, 2003 పుష్కరాల్లో స్నానం చేసి తడిబట్టలతో దిగిన కుటుంబ ఫోటోలు ప్రతి వాడలో ఉంటాయి. పిల్లలను వాటి కోసం పంపండి, ముఖ్యంగా గంగపుత్రుల, ముదిరాజుల, చాకలి వాళ్ల ఇళ్లకు, పడవ నడిపిన కుటుంబాలకు. దేశదేశాల మ్యూజియాల్లో లేనిది అక్కడ ఉంది.

ఫోటో ఇంట్లోంచి తీసుకెళ్లకండి, అక్కడే నకలు తీయండి. అద్దానికి అంటుకుపోయిన ఫోటోను లాగొద్దు, అద్దంతో సహా పక్కవెలుతురులో తీయండి. జిగురు పేజీల ఆల్బంలోంచి కూడా పీకొద్దు. స్కానర్ ఉంటే అంగుళానికి 600 చుక్కలకు (dpi) తగ్గకుండా, వెనక వైపు కూడా. స్టూడియో ముద్ర, తేదీ, పేరు చాలాసార్లు వెనకే ఉంటాయి. ఫోటో మీద పెన్నుతో రాయనివ్వకండి, రాయాల్సి వస్తే వెనక మెత్తటి పెన్సిల్‌తో. ఆ తర్వాత పెద్ద సైజు అచ్చు ఒకటి తీసి పెద్దవాళ్ల ముందు పెట్టి, అందులో కనిపించే ప్రతి వస్తువు పేరు, ఎవరు వాడతారు, ఇప్పుడు ఎక్కడుంది అని అడిగి రాసుకోండి. చెప్పినవాళ్ల అనుమతి లేకుండా పేరు గోడ మీద పెట్టొద్దు.

ప్రతి బొమ్మ కింద ఎవరు తీశారు, ఎవరి కోసం తీశారు, ఏ ఒడ్డున నిలబడి తీశారు అని మూడు సంగతులు రాయించండి. తెలియని చోట ఖాళీ వదలండి, చూడవచ్చినవాళ్లలో ఎవరో ఒకరు నింపుతారు.

హక్కుల విషయం. మన చట్టం ప్రకారం ఇప్పుడు ఫోటోకు హక్కు, తీసినవాళ్లు పోయిన సంవత్సరం తర్వాత 60 ఏళ్లు. దీన్ దయాళ్ కాలం నాటి వాటికి ఆ చిక్కు లేదు. కానీ హక్కు వేరు, భాండాగారం నకలు ఇచ్చే షరతులు వేరు. బడి ప్రదర్శన, అమ్మకం లేదు అని స్పష్టంగా రాసి, ఫోటో నంబర్లతో సహా ఢిల్లీ కళాకేంద్రానికీ సోయాస్‌కూ ఇప్పుడే ఉత్తరాలు పెట్టండి. జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు. తార్నాక అభిలేఖాగారానికి మాత్రం ఉత్తరం కాకుండా, జిల్లా పేర్ల పాత జాబితా చేతిలో పట్టుకుని మీరే వెళ్లండి.